పది టన్నుల లారీ, అరవై సీట్ల రాకెట్టు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే పొద్దుటి పాసింజరులో ఏడేళ్ళపాటు నాకొక సీటు ఉండేది. అందులో అయిదేళ్ళు కూర్చున్నాను. మిగతా రెండేళ్ళూ సీటు ఉంది కానీ నేను కూర్చోలేదు. అది రిజర్వేషను సీటేం కాదు, రుమాలు వేసి ఆపే సీటు. రోజూ తిరిగేవాళ్ళకి రుమాలే రిజర్వేషను. ఆ రుమాలు మా కాలేజీ లెక్కల మాస్టారిది.

మాది గూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని. మాస్టారు నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సొంతూరు కొల్లేటికోట. అక్కడ తమ్ముడితో కలిసి ఒక చేపల చెరువు ఉండేది. పిల్లల చదువుల కోసం ఏలూరులో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నేను ఏలూరులోనే పుట్టి పెరిగాను. మా అమ్మ మిషను బళ్ళో టీచరు. నా నోరు దురుసని ఆవిడ చర్చిలో కనబడిన వాళ్ళందరికీ చెబుతుంది. మాస్టారు దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన నోట "కాదు" అన్న మాట నేను వినలేదు. బోర్డు మీద పిల్లాడు తప్పు లెక్క చేసినా, "బాగానే చేశావు బాబూ, ఇంకోలా కూడా చూద్దామా" అనేవారు. మా వైపు మర్యాద అలాగే ఉంటుంది. ఎదుటి మనిషిని మొహం మీద కాదనడం అంటే చెయ్యి చేసుకున్నంత పని అనుకుంటాం. నేనూ ఆ నీళ్ళే తాగినదాన్ని కాబట్టి అదంతా ఆయన మంచితనం అనుకున్నాను.

రెండు వేల ఒకటి వేసవిలో ఎంసెట్ కోచింగ్ పేరు చెప్పి సెలవుల్లో కూడా మమ్మల్ని తిప్పారు. ఆ రోజుల్లోనే పేపర్లో ఒక వార్త వచ్చింది. ఎవరో విదేశీ ధనవంతుడు కోట్లు పోసి టికెట్టు కొనుక్కుని అంతరిక్షంలోకి వెళ్ళి, వారం రోజులు ఉండి దిగాడట. భీమడోలు దాటేలోపు ఆ వార్తను నాలుగుసార్లు చదివాను. చిన్నప్పుడు డాబా మీద పడుకుని నేనూ పైకి వెళ్ళాలనుకున్నదాన్నే. కళ్ళజోడు వచ్చాక, ఇంట్లో పరిస్థితి తెలిశాక, అది మనలాంటివాళ్ళకి కాదని నలుగురూ చెప్పాక ఆ కోరికను మడిచి లోపల పెట్టేశాను. ఇప్పుడు వీడెవడో డబ్బిచ్చి కొనుక్కుని వెళ్ళాడంటే, నా సీట్లో ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఒళ్ళు మండింది.

"డబ్బుతో కొనుక్కునే వస్తువే అయితే ఎప్పటికైనా ధర తగ్గాలి కదండీ మాస్టారూ?" అన్నాను.

"అవునండి," అన్నారాయన.

నా పిచ్చికి అదే మొదలు.

ఆ తర్వాత మూడున్నరేళ్ళూ ఆ రైల్లో మాకు ఒకటే పని. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాకెట్టు ఖర్చు లెక్కలు వేయడం. వేసేది నేను, చూసి తలూపేది ఆయన. రాకెట్టులో పోసే ఇంధనం అంత పెద్ద ఖర్చు కాదని ముందు తెలిసింది. అసలు ఖర్చు రాకెట్టుదే. కష్టపడి కట్టింది ఒక్కసారి ఎగిరి సముద్రం పాలవుతుంది.

"కలకత్తాకి చేపలు తీసుకెళ్ళిన లారీని అక్కడే పాత ఇనుము కొట్టువాడికి ఇచ్చేసి, రేపటి లోడుకి కొత్త లారీ కొంటే శీలావతి చేప కిలో ఎంతకి అమ్మాలండీ?" అన్నాను ఒకరోజు.

మాస్టారు పకపకా నవ్వారు. ఎదురు సీట్లో కూర్చునే పాల క్యాన్ల ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వులకి నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. క్లాసులో ఎంత చెప్పినా పిల్లలు నవ్వరు, రాసుకుంటారు.

కాబట్టి రాకెట్టు మళ్ళీ మళ్ళీ ఎగరాలి. అది ఒకటి. రెండోది, పెద్దదిగా ఉండాలి. ఇరవై మందికి వండే గిన్నెకి, నలుగురికి వండే గిన్నెకన్నా అయిదు రెట్లు ఇత్తడి పట్టదు. రాకెట్టు ట్యాంకు సంగతీ అంతే. రాకెట్టు రెట్టింపు పెద్దదైనంత మాత్రాన దాన్ని నడిపే కంప్యూటర్లు, కింద కూర్చుని కనిపెట్టే మనుషులు, ఎగిరే వేదిక రెట్టింపు కానక్కర్లేదు. చిన్న రాకెట్లో ముగ్గురిని పంపడం మానేసి పెద్దదాంట్లో అరవై మందిని, అదీ వారం వారం, ఏళ్ళ తరబడి పంపితే తలకి పడే ఖర్చు దిగుతూ వస్తుంది. నా లెక్కలో అది దిగి దిగి, ఏలూరులో ఒక మామూలు డాబా ఇంటి ధర దగ్గర ఆగింది. ఇల్లు అమ్ముకుంటే వెళ్ళి రావచ్చు. నాకది చాలా చవకగా కనబడింది. మా అమ్మకి కనబడలేదు.

ఈ లెక్క మొత్తం ఒక్క మేకు మీద వేలాడుతోంది. అరవై సీట్లూ ప్రతిసారీ నిండాలి. ఖాళీగా ఎగిరినా నిండుగా ఎగిరినా రాకెట్టు ఖర్చు ఒకటే. ఆ సంగతి నాకు తెలియక కాదు. అందుకే నేనెరిగిన లోకంలో ఎక్కడైనా పెద్ద బండి రోజూ నిండుతోందా అని వెతికాను. కొల్లేరు చేపల లారీ కనబడింది. చిన్న వ్యానులో కన్నా పది టన్నుల లారీలో చేప కిలోకి పడే కిరాయి చాలా తక్కువని మాస్టారే చెప్పారు. బండి పుళ్ళలో క్రాసింగ్ కోసం ఆగి ఉంది. అప్పుడు అడిగాను.

"మాస్టారూ, మీ ఊరి నుంచి వెళ్ళే పెద్ద లారీ ఎప్పుడూ నిండే వెళుతుందాండీ?"

ఆయన వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. ఒలిచిన గింజలు నా చేతిలో పోసి, ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అవునండి," అన్నారు. "నిండే వెళుతుందండి."

నేను ఆ వాక్యం రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

రెండు వేల మూడులో ఆయన్ని ఇంకో ప్రశ్న అడిగాను. విశాఖపట్నంలో నాకు రీసెర్చి సీటు ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం మానేసి వెళ్ళాలి. అయిదారేళ్ళు పడుతుంది. ఏలూరు తప్ప ఏ ఊళ్ళోనూ నిద్ర పట్టని మనిషిని, పైకి ఎంత నోరున్నా లోపల పిరికిదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆయనతో తప్ప.

"ఇక్కడే ఉండి మన లెక్క పూర్తిచేసుకోవడమే మంచిదంటారా?" అన్నాను.

"అవునండి," అన్నారు. "మీలాంటివాళ్ళు ఇక్కడి పిల్లలకి కావాలండి."

ఇంటికెళ్ళి ఆ ఉత్తరం చింపేశాను. ఎంత తేలిగ్గా చింపానో తలుచుకుంటే నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

మరుసటి ఏడాది ఎక్కడో ఒక చిన్న ప్రైవేటు విమానం లాంటిది అంతరిక్షం అంచు తాకి క్షేమంగా దిగిందని పేపర్లో చదివి కాలేజీ స్టాఫ్ రూములో మిఠాయి పంచాను. నా సొంత బండే ఎగిరినంత సంబరం. ఆ ఊపు మీద ఉండగానే, రెండు వేల అయిదు మొదట్లో, ఏలూరులో సైన్సు లెక్చరర్లకి ఒక సదస్సు పెట్టారు. చదివిన వ్యాసాల్లో ఒక్కదాన్ని ఎంచి, చిన్న పుస్తకంగా వేసి హైస్కూళ్ళకి పంచుతామన్నారు. నేను పైకి వెళ్ళకపోయినా ఫర్వాలేదు. ఆ పుస్తకం కొల్లేటి లంకల్లో పిల్లల చేతికి వెళితే చాలు. అది మనలాంటివాళ్ళకి కాదని నాకు చెప్పినట్టు వాళ్ళకి ఎవరూ చెప్పకూడదు. విశాఖ వదులుకున్నందుకు నాకంటూ మిగిలేది ఆ పుస్తకమే అనుకున్నాను. వ్యాసం పదకొండుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ మాస్టారు చదివారు. ప్రతిసారీ బాగుందన్నారు.

సదస్సు శనివారం. ముఖ్య అతిథి రాకెట్ల పనిలో జీవితమంతా గడిపి రిటైరైన ఇంజనీరు. తెల్ల చొక్కా, తక్కువ మాట. నా ప్రసంగం బాగా సాగింది. పాత ఇనుము లారీ దగ్గర హాలంతా నవ్వింది. ఇత్తడి గిన్నె దగ్గర ముందు వరసలో ఆడవాళ్ళు తలలూపారు. చివర్లో ఆ పెద్దాయన మైకు దగ్గరికి లాక్కున్నారు.

"చాలా బాగా చెప్పారమ్మా. అరవై సీట్లూ వారం వారం నిండుతాయన్నారు. ఎవరితో నిండుతాయి?"

"ధర తగ్గితే జనం వస్తారండి," అన్నాను.

"జనం వస్తేనే కదమ్మా ధర తగ్గేది. మొదట్లో ధర ఎక్కువే ఉంటుంది. అరవైలో అయిదుగురు వస్తారు. యాభై అయిదు ఖాళీ సీట్ల ఖర్చు కూడా ఆ అయిదుగురి మీదే పడుతుంది. అంత ఇచ్చుకోలేక పైవారం ముగ్గురే వస్తారు. ఖాళీగా ఎగిరే పెద్ద రాకెట్టు కన్నా నిండుగా ఎగిరే చిన్నదే చవక కదా?"

ఆయన మెల్లగా, ప్రేమగానే అడిగారు. నాకే పౌరుషం పొడుచుకొచ్చింది.

"మా కొల్లేరులో పది టన్నుల లారీ రోజూ నిండుతుందండి. కావాలంటే మా మాస్టారిని అడగండి. ఆయనది కొల్లేటికోటే," అని నాకోసం వచ్చి వెనక వరసలో కూర్చున్న ఆయన్ని చెయ్యి చాచి చూపించాను. నా సాక్షిని నేనే పిలుచుకున్నాను.

మాస్టారు లేచి నిలబడ్డారు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు.

"ఏవండీ, నిండుతుందా?" అన్నారు పెద్దాయన.

"నిండదండి."

మాస్టారు నావైపు చూడకుండా చెప్పుకుపోయారు. "సగం రోజులు నిండదండి. లోడు కలిసేదాకా చెరువు గట్టు మీద ఆగిపోద్దండి. ఎండెక్కితే ఐసు కరిగిపోద్దండి. లారీ నింపాలని పక్క చెరువులో ఎదగని చేపని కూడా పట్టించేస్తారండి. చిన్న రైతు ఆగలేక, కిరాయి ఎక్కువైనా వ్యాను మాట్లాడుకుంటాడండి. పెద్ద లారీ చవకన్నది ఒక్కసారే పది టన్నులు పట్టగలిగినోడికేనండి."

ఆయన అంత పొడుగ్గా, అంత చక్కగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఒక్క మాట తడబడలేదు. అంటే ఆ లెక్క ఆయన దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. హాలంతా చప్పట్లు కొట్టింది. "ఇదండీ అసలు సంగతి," అన్నారు పెద్దాయన ఆనందంగా. నా చేతిలో, రెండు గీతలు గీసిన వాక్యం ఉన్న కాగితం ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. వాన నీళ్ళు నిలవచేయడం మీద ఎవరో చదివిన వ్యాసాన్ని పుస్తకానికి ఎంచారు. భోజనాల దగ్గర మాస్టారు నాకోసం ఒక కుర్చీలో రుమాలు వేసి ఉంచారు. నేను తినకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. "ఆరాధన మానేసి చేపలు చూడ్డానికి వెళ్ళే మనిషిని నిన్నే చూశాను," అని మా అమ్మ గుమ్మం దాకా తిడుతూనే వచ్చింది. కైకలూరు బస్సెక్కి, ఆలపాడులో దిగి, ఆటో పట్టుకుని కొల్లేటికోట వెళ్ళాను. గట్టు మీద పది టన్నుల లారీ ఆగి ఉంది. చక్రాల పక్కనుంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. ఒకామె ఐసు దిమ్మలు కొడుతోంది.

"లారీ ఎప్పుడు కదులుతుందమ్మా?" అన్నాను.

"నిండితే కదులుద్దండి. ఇప్పటికి ఆరు టన్నులే అయ్యిందండి. అవతల చెరువు కూడా పట్టమని కబురంపారండి."

"ఎప్పుడూ ఇంతేనా?"

ఆమె సుత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "మీరు ఈ వైపు కొత్తాండీ?" అంది.

ఆ ఊళ్ళో ఆ సంగతి తెలియని మనిషిని నేనొక్కదాన్నే. మా ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. ఒక మనిషి మాట చాలనుకున్నాను. క్లాసులో పిల్లలకి ప్రయోగం చేసి చూడండి, పుస్తకంలో ఉందని నమ్మకండి అని గొంతు చించుకునే మనిషిని, నా లెక్కకి మేకులాంటి మాటని వేరుశనగ గింజలతో పాటు చేతిలో పోయించుకుని వచ్చేశాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ ఆయన మాట నమ్మడం తప్పవుతుందని నాకెలా తెలుస్తుంది?

సోమవారం రైల్లో సీటు మీద రుమాలు ఉంది. తీసి ఆయన చేతికిచ్చి, నిలబడే అడిగాను.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు ఎంతో ముచ్చటగా అడిగారండి. కాదంటే మీ మొహం చిన్నబోద్దనిపించిందండి."

"మొన్న చిన్నబోలేదా?"

"మొన్న నలుగురిలో అడిగారు కదండీ. అంత పెద్దాయన అడిగారు. నలుగురిలో అబద్ధం ఎలా చెప్పనండీ?"

"నా ఒక్కదానికైతే చెప్పొచ్చన్నమాట."

పాల క్యాన్ల ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దెందులూరు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"విశాఖ సంగతి? అక్కడికి వెళ్ళొద్దన్నది నిజంగా అనుకునే అన్నారా?"

అయిదేళ్ళలో మొదటిసారి ఆయన ఒక ప్రశ్నకి ఆలోచించి జవాబు చెప్పడం చూశాను.

"మీరు వెళ్ళుంటేనే బాగుండేదండి."

"మరి అవునని ఎందుకన్నారు?"

"మీరు ఉండిపోదామనుకునే అడిగారండి. మీ గొంతులోనే తెలిసిపోయిందండి."

అది నిజం. అందుకే అంత గట్టిగా తగిలింది. నేను అడిగింది సలహా కాదని ఆయనకి తెలుసు. నాకు తెలియదు. తెలిసిన మనిషి తెలియని మనిషికి చెప్పాలి కదా. స్నేహం అంటే అంతకన్నా ఏముంటుంది? శత్రువు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. ఈయన నా సంతోషం కోసమే నన్ను మోసం చేశారు. ఇలాంటి మనిషిని ఏమని తిట్టాలో తెలియక ఏడుపొచ్చింది. బాదంపూడి దాకా తలుపు దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ రోజు నుంచి ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కాను. అక్కడ కూర్చుని, ఆయన అన్న ప్రతి అవుననే మాటనూ మళ్ళీ మళ్ళీ తవ్వుకున్నాను. నా పాఠం పిల్లలకి అర్థమవుతుందన్నది నిజమేనా? నా తెలుగు బాగుంటుందన్నది? పకపకా నవ్వినప్పుడు నిజంగా నవ్వొచ్చే నవ్వారా? ఒక్కటి అబద్ధమని తేలాక మిగతావాటిలో ఏది నిజమో ఏరుకోవడం నా వల్ల కాలేదు. "మీ సీటు ఖాళీగానే వెళుతోందండి. మాస్టారు ఎవర్నీ కూర్చోనివ్వట్లేదండి," అని పాల క్యాన్ల ఆయన ఒకసారి ప్లాట్‌ఫారం మీద చెప్పాడు. నేను విననట్టు నడిచాను.

రాకెట్టు లెక్క మాత్రం వదల్లేదు. ఇంజనీరుగారు చెప్పినట్టు మొదటినుంచి వేశాను. ముందు చిన్నది, అది నిండాక కాస్త పెద్దది, అదీ నిండాక ఇంకా పెద్దది. ఆ దారిలో వెళితే డాబా ఇంటి ధర నా జీవితకాలంలో రాదు. మొదట ఎక్కేవాళ్ళంతా కోట్లున్నవాళ్ళే అవుతారు. ఖాళీ సీట్ల ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి కాబట్టి, మొదట ఎక్కిన ఆ ధనవంతుడి మీద కోపం కూడా పోయింది. నా ఒళ్ళు మండించిన మనిషి చివరికి నాకేమీ అబద్ధం చెప్పలేదు.

మరుసటి ఏడాది సరస్సుని కాపాడాలని ప్రభుత్వం వాళ్ళు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మాస్టారి చెరువు కూడా పోయింది. ఆయన స్టాఫ్ రూములో కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి, "పరిహారం వచ్చేస్తుందండి, కంగారుపడకండి," "మళ్ళీ మీ చెరువు మీకే ఇస్తారండి, చూడండి," అని చెప్పి వెళ్ళారు. ఆయన అందరితోనూ అవునండి అన్నారు. చెప్పినవాళ్ళలో ఒక్కరికీ ఆ నమ్మకం లేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేను సుద్దముక్కల డబ్బా దగ్గర నిలబడి ఏమీ అనలేదు. జాలి వేసింది. దాని పక్కనే, దాచడం ఎందుకు, కొంచెం సంతోషం కూడా వేసింది.

రెండు వేల ఏడులో ఆయనకి భీమవరంలో వేరే కాలేజీలో పని దొరికింది. చివరి రోజు పొద్దున్న నేను పాత పెట్టెలోకే ఎక్కాను. సీటు మీద రుమాలు ఉంది. తీసి కూర్చున్నాను. ఆయన వేరుశనక్కాయలు ఒలవడం మొదలుపెట్టారు. వేళ్ళు సన్నబడ్డాయి. పుళ్ళలో బండి ఆగింది. ఒలిచిన గింజలు నా చేతిలో పోశారు.

"మేడంగారూ, నా మీద కోపం పోయినట్టేనాండీ?" అన్నారు.

ఆ మొహం చూశాను. ఏ జవాబు కావాలో అందులో అంత స్పష్టంగా రాసి ఉంది. ఒకప్పుడు అదే స్టేషనులో నా మొహం ఆయనకి ఎలా కనబడి ఉంటుందో అప్పుడు తెలిసింది. నా కోపం ఎక్కడికీ పోలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకి కూడా పోలేదు.

"అవునండి," అన్నాను. "ఎప్పుడో పోయిందండి."

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. నా మాట నమ్మారో లేదో నాకు తెలియదు. ఆయన అవునన్న రోజు నేను మాత్రం నమ్మాను.